నీటికి చెప్పిన తప్పులు

మొదటి రోజు, సోమవారం

కోర్టు నాకిచ్చిన నిబంధనల కాగితంలో మొదటి వాక్యం ఇది: "పరిశీలకురాలు చూసింది రాయాలి, అనిపించింది రాయకూడదు." ఈ వాక్యం రాసినాయన ఎప్పుడూ పడవెక్కి ఉండడు. ఐదు గంటలపాటు నీళ్ల మీద కూర్చున్న మనిషికి కనిపించేది తక్కువ, అనిపించేది ఎక్కువ. పైగా బయల్దేరేటప్పుడు రిజిస్ట్రార్ గారే చెప్పారు, "ఇరవై ఒక్క రోజుల దినచర్య ఎవరూ చదవరమ్మా, ఆఖరి పేజీ చూస్తారంతే" అని. కాబట్టి ఆఖరి పేజీ దాకా నా ఇష్టం.

నేను చూడాల్సిన మనిషి ముంగర నాంచారమ్మ. యాభై ఎనిమిదేళ్లు. కొల్లేటి రేవుల కంపెనీకి ఒకప్పటి డైరెక్టరు, రెండేళ్ల నుంచి అనర్హురాలు. మళ్లీ కంపెనీ నడుపుకోవడానికి అనుమతి ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. ఇవ్వొచ్చా, కూడదా అన్నది ఆవిడ ఇంట్లో తిని, ఆవిడ రేవులో కూర్చుని, చూసి చెప్పడం నా పని. అనుమతి రాకపోతే కంపెనీ మూతపడుతుంది, ఎనిమిది పడవలూ ఎక్కడో పెద్ద రేవుకి తరలిపోతాయి. ఈ లంకల్లో బడికీ ఆసుపత్రికీ మళ్లీ తెడ్డే దిక్కు.

రెండేళ్లలో నాకిది నాలుగో ఉద్యోగం. మొదటి మూడింటిలోనూ కుర్చీ ఉండేది. అందుకే మానేశాను.

మా తాతమ్మ చిన్నప్పుడు కొల్లేరు మంచినీళ్ల సరస్సట. ఇప్పుడు సముద్రం ఇల్లరికపు అల్లుడిలా కైకలూరు దాకా వచ్చి కూర్చుంది, లేవదు.

కైకలూరు రేవులో దిగేసరికి నాంచారమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. మెడలో పూసల దండ పక్కనే అరచేయంత నల్లబిళ్ల. నా సంచీ చూసి, పక్కనున్న కొయ్య స్తంభంతో, "పాపం ఆ పిల్ల సంచీ బరువుగా ఉన్నట్టుంది. ఈ రేవులో చేతులున్నోళ్లు ఎవరన్నా ఉంటే ఎంత బాగుండేదో" అంది.

స్తంభం వెనకనుంచి నెరిసిన గడ్డం సరంగు ఒకాయన నవ్వుకుంటూ వచ్చి సంచీ అందుకున్నాడు. పేరు జాలెం దావీదు.

"స్తంభంతో చెప్తారేంటండీ?" అన్నాను.

"మడిసితో చెప్తే ఇది అరుస్తదమ్మా" అని బిళ్ల పట్టుకుని చూపించింది.

అనర్హులైన డైరెక్టర్లు కంపెనీ మనుషులకి గానీ యంత్రాలకి గానీ పని చెప్పకూడదు. చెప్తే బిళ్ల అరుస్తుంది. ఆ అరుపు ఏలూరు కోర్టులో నమోదవుతుంది. ఈవిడ రెండేళ్లుగా ఈ ఊళ్లో స్తంభాలకీ, గోడలకీ, ఆకాశానికీ పనులు చెప్పుకుంటూ బతుకుతోంది.

రాత్రి భోజనంలోకి చింతచిగురు, చిన్నరొయ్యలు. నిబంధన ప్రకారం అనిపించింది రాయకూడదు కాబట్టి, రెండుసార్లు వడ్డించుకున్నానని మాత్రం రాస్తున్నాను.

రెండో రోజు, మంగళవారం

పొద్దున్నే బిళ్ల అరిచింది. ఉలిక్కిపడి లేచి పుస్తకం, కలం పట్టుకుని పరిగెత్తాను. చూరు మీదున్న పిల్లిని "దిగవే ముండా" అందట. ఆ పిల్లి కంపెనీ ఉద్యోగి. ఎలుకల విభాగం, ఆరేళ్ల సర్వీసు. నమోదు చేశాను. పిల్లి దిగలేదు, అది కూడా నమోదు చేశాను.

పడవలన్నిటికీ పక్షుల పేర్లే: గూడబాతు, నీటికాకి, పరజ, నామాలకోడి, ఇలా. వాటంతటవే నడుస్తాయి. సరంగు ఉండేది తాడు కట్టడానికి, ముసలాళ్ల చెయ్యి పట్టుకోవడానికి, ప్రయాణికులతో పోట్లాడటానికి. ఇవి మొండి పడవలు. దారిలో ఏ చిన్న మార్పయినా అర్హత ఉన్న డైరెక్టరు గొంతు చెప్తేనే తలకెక్కించుకుంటాయి. ప్రస్తుతం ఆ గొంతు కోర్టు పెట్టిన తాత్కాలిక మేనేజరుది. ఆయన ఏలూరులో మూడో అంతస్తులో ఉంటాడు. నీళ్లంటే భయం. నెలకోసారి ఫోన్లో పడవలన్నిటికీ కలిపి "యథాతథం" అని చెప్పి పెట్టేస్తాడు.

కింద బురద మాత్రం యథాతథంగా ఉండదు కదా. ప్రతి వానకీ కొత్త చోట దిబ్బ వేస్తుంది. ఇవాళ నామాలకోడి మేకలదిబ్బ దగ్గర బురదలో కూరుకుపోయింది. మోకాలిలోతు నీళ్లలోకి దిగి అందరం తోశాం. పన్ను పీకించుకోవడానికి బయల్దేరిన లెక్కల మాస్టారు బుగ్గ పట్టుకుని పైనే కూర్చుని, "ఎడమ పక్క బలం చాల్లేదండీ" అని లెక్క చెప్పారు.

"ఇక్కడ దిబ్బేసి నాలుగు నెలలైందండి ఆయ్" అన్నాడు దావీదు, పంచె పిండుకుంటూ. "మాకందరికీ తెలుసు. పడవకే తెలీదు."

నాలుగో రోజు, గురువారం

ఇవాళ అడగాల్సింది అడిగాను.

ప్రతి కంపెనీ ఏడాదికోసారి తప్పుల పత్రం దాఖలు చెయ్యాలి. ఆ ఏడు ఏం తప్పు జరిగింది, ఎవరు చేశారు, ఎలా దిద్దారు అన్నది రాయాలి. తప్పుల్లేవని రాసిన కంపెనీ కట్టిన కరకట్టే తెగి సముద్రం లోపలికొచ్చింది కాబట్టి, మా చట్టాలన్నిటిలోకీ ఇదే గట్టిది. వరసగా మూడేళ్లు "ఏమీ లేవు" అని రాస్తే డైరెక్టరు అయిదేళ్లు అనర్హులు. నాంచారమ్మ వరసగా మూడేళ్లు సరిగ్గా ఆ రెండు మాటలే రాసింది, గుండ్రటి అక్షరాలతో.

"మూడేళ్లలో ఎనిమిది పడవలకి ఒక్క తప్పు కూడా జరగలేదాండీ?"

"ఎందుకు జరగలేదూ? బోలెడు జరిగినయ్."

"మరి లేవని రాశారేం?"

"లేవు కాబట్టి. నీటికి చెప్పేశాం."

ఆవిడ చేపలు తోముతూ చెప్పుకొచ్చింది. ఇక్కడ పడవ మనుషులకో కట్టుబాటు ఉంది. పొద్దుగూకే వేళకి అందరూ రేవు మెట్ల మీద కూర్చుంటారు. ఆ రోజు తప్పు చేసినవాళ్లు లేచి నీళ్లకేసి తిరిగి చెప్తారు. "పరజని తొందరపెట్టాను, అడుగు గీసుకుంది" అనో, "లంగరు తాడు చూడకుండా కట్టాను" అనో. చెప్పాక ఒక దోసెడు నీళ్లు పారబోస్తారు. అంతే. ఆ తరవాత దాని గురించి పెళ్లాం కూడా దెప్పకూడదు. దెప్పితే దెప్పినవాళ్లదే తప్పు.

"నీటికి చెప్పినదాన్ని మళ్లీ పైకి తీసి కాగితం మీదెట్టి, పేర్లు రాసి, కోర్టుకి పంపుతానా? నా మాట నమ్మే కదా వాళ్లు చెప్పింది? ఆ పని చేస్తే రేపు ఒక్కడు నోరిప్పుతాడా?"

"కోర్టుకి ఈ మాట చెప్పలేదా?"

"అడిగితే కదా! ఆ కాగితంలో ఉన్నవి మూడు గళ్లే. ఏంటి, ఎవరు, ఎట్టా. ఎందుకు అనే గడి లేదు."

సాయంత్రం ఫోన్లో ఆవిడ లాయరు భాష్యం గారు కుండబద్దలు కొట్టారు: పాత మూడేళ్ల తప్పుల జాబితా ఇస్తే తప్ప అనుమతి రాదు. నాంచారమ్మ గోడకేసి చూస్తూ, "పేర్లు ఇయ్యనని ఎవరన్నా ఆ లాయరుగారికి చెప్తే బాగుండు" అంది. నేనే చెప్పాను. పరిశీలకురాలు కబుర్లు చేరవేయకూడదన్న నిబంధనేదీ కాగితంలో కనిపించలేదు.

ఆరో రోజు, శనివారం

రేవులో కూర్చోలేక గూడబాతు ఎక్కి పొద్దున్నుంచీ తిరిగాను. ఏ కారణం లేకుండా పడవ ఓ చోట ఎడమకి వంగింది. ఎదురుగా చదునైన నీళ్లు, రాయీ లేదు, రప్పా లేదు. అరమైలు పోయాక మళ్లీ వంగింది. ఇంకో చోట నెమ్మదించి, దేవుడి గదిలోకి వెళ్తున్నట్టు అడుగులో అడుగేసుకుంటూ దాటింది.

"ఇదెందుకు ఇలా వంకర్లు పోతోందండీ?"

దావీదు తాడు సర్దుకోసాగాడు. రెండో వంపు దగ్గర మాత్రం ఆయన చూపు తిప్పుకోవడం, చెవులు ఎర్రబడటం చూశాను. అరవయ్యేళ్ల మనిషి చెవులు ఎర్రబడటం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు తట్టింది. సాయంత్రాలు మెట్ల మీద మనుషులు చెప్పుకునేటప్పుడు పడవలు ఎక్కడున్నాయి? అక్కడే, ఆ మెట్లకే కట్టేసి ఉన్నాయి. అన్నీ విన్నాయి. డైరెక్టరు కూర్చున్న సభ కాబట్టి విన్నది తలకెక్కించుకున్నాయి. ఎవరో "ఇక్కడ తెలీక దిబ్బ మీదెక్కించాను" అన్నారు. మర్నాటి నుంచి ఎనిమిది పడవలూ అక్కడ వంగాయి. ఆ మనిషిని ఎవరూ ఏమీ అనలేదు. వంపు మాత్రం నిలిచిపోయింది.

ఇంకో సంగతి. డైరెక్టరు లేకపోతే అది సభ కాదు. ఆవిడ మెట్ల మీద కూర్చుంటే బిళ్ల అరుస్తుంది. అందుకని రెండేళ్లుగా ఎవరూ నీటికి చెప్పట్లేదు, పడవలు ఏమీ నేర్చుకోవట్లేదు. తప్పులు దాచిందని శిక్ష వేశారు. ఆ శిక్ష తప్పులు చెప్పుకునే చోటునే మూసేసింది. ఇది చూసిందో అనిపించిందో నాకు తెలీదు, రాసేశాను.

తొమ్మిదో రోజు, మంగళవారం

మూడు రోజులు ఎనిమిది దారులూ తిరిగి పటం గీశాను. నలభై రెండు వంపులు. రాత్రి భోజనాల దగ్గర నాంచారమ్మ ముందు పరిచాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, పటం మీద వేలితో ఒక్కో వంపూ తాకుతూ పోయింది. తాకినప్పుడల్లా ముఖంలో ఎవరో ఒక మనిషి కనిపిస్తున్నారు. పేరు మాత్రం ఒక్కటీ పైకి రాలేదు.

"ఏంటి అన్నది ఉంది. ఎలా దిద్దారన్నదీ ఉంది. ఎవరు అన్నది లేదు," అన్నాను. "కోర్టు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు."

"పేర్లు లేవు కదా?"

"లేవండి."

"ఓయమ్మ ఓయమ్మ" అంటూ నవ్వి, నా విస్తట్లో ఇంకో చేపముక్క పడేసింది. "చదూకున్న పిల్లవి ఇన్నాళ్లూ కుర్చీల్లో ఎట్టా కూర్చున్నావే!"

నా చదువుని ఎవరైనా పొగడటం ఇదే మొదటిసారి.

పదకొండో రోజు, గురువారం

మొన్న ఒక పడవ దిగబడింది. నిన్న రెండు. ఇవాళ మూడు. వానలు మొదలయ్యాక బురద రోజుకో చోట పేరుకుంటోంది. ఆసుపత్రి పడవ నీటికాకి రెండు గంటలు ఇరుక్కుపోయింది. దాన్లో లంకపిల్లలకి తెచ్చిన టీకాల పెట్టె ఎండకి వేడెక్కి పాడైపోయింది. నర్సు ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నాంచారమ్మ రేవు చివర నిలబడి చూస్తోంది. నీటికాకి ఎటు వంగాలో ఆవిడకి తెలుసు. ఒక్క మాట చాలు. నోరు తెరిచి మూసుకుంది. మాట అన్నా ఆ పడవ వినదు, బిళ్ల వింటుంది.

ఏలూరు మేనేజరుకి ఫోన్ చేశాను. "అలాగా? చూద్దాం. ప్రస్తుతానికి యథాతథం" అన్నాడు.

పదమూడో రోజు, శనివారం

నలభై ఒక్క వంపులకి కారణం దొరికింది. గడకర్ర పెట్టి చూస్తే దిబ్బో, మునిగిన గోడో, పాత చేపల చెరువు గట్టో తగిలింది. నలభై రెండోది అర్థం కాలేదు. అన్నిటిలోకీ పెద్దది. ఉప్పులంక అనే చోట పడవలన్నీ మైలు దూరం చుట్టు తిరిగి పోతున్నాయి. గడకర్ర వేస్తే అడుగు అందలేదు. మంచి లోతు. తిన్నగా పోవచ్చు.

"ఇదెవరి తప్పండీ?" అని దావీదుని అడిగాను. ఆకాశం చూశాడు. అక్కడ ఏమీ లేదు.

చేతిపడవ ఒకటి కుదుర్చుకుని ఉప్పులంకకి వెళ్లాను. అరవై గడపలు. రేవు కట్టుకున్నారు, పందిరి వేసుకున్నారు, బల్ల కూడా ఉంది. పడవే రాదు. బల్ల మీద లావుపాటి ఆవిడ రొయ్యలు ఒలుస్తూ కూర్చుంది. సైదు లక్ష్మీకాంతం. ఆ లంక పెద్ద. నేనెక్కడినుంచి వచ్చానో చెప్పగానే చేతిలో రొయ్య చేతిలోనే ఆగిపోయింది.

"మా వదిన పంపిందా?"

నాంచారమ్మ చనిపోయిన భర్తకి ఈవిడ చెల్లెలు. పదకొండేళ్లుగా మాటల్లేవు. లక్ష్మీకాంతం కూతురి పెళ్లిలో కొర్రమీను తలకాయ పెద్దవదినకి వడ్డించాలి, అది వాళ్ల మర్యాద. హడావుడిలో మగపెళ్లివారి మేళగాడి విస్తట్లో పడింది. నాంచారమ్మ విస్తట్లో తోక పడింది.

"నేనేమన్నా కావాలని ఏశానా? బంతిలో రెండొందల మంది! తోక చూసి లేచి చెయ్యి కడుక్కుంది మహాతల్లి. ఆ మర్నాటి నుంచి మా ఒడ్డున పడవ ఆగలా."

చట్టం ప్రకారం రేవులోంచి కేకేస్తే, కేక వినపడే దూరంలో ఉన్న పడవ ఆగి తీరాలి. అందుకని నాంచారమ్మ పడవల్ని కేక వినపడనంత దూరం తిప్పింది. నాలుగుసార్లు అర్జీ పెట్టుకున్నారు. నాలుగుసార్లూ "వీలుపడదు" అని గుండ్రటి అక్షరాలతో జవాబు.

"దాన్ని చూడండి" అని లక్ష్మీకాంతం ఒక పిల్లని చూపించింది. నాలుగేళ్లుంటాయి, నా కలం లాక్కుని నమిలేస్తోంది. "గంగ. వాళ్లమ్మకి నొప్పులొస్తే తెడ్డేసుకుని తీసుకుపోతున్నాం. నడినీళ్లలో పుట్టింది. తల్లీపిల్లా బతికారు, మా అదృష్టం. గూడబాతు దూరంగా పోతా కనపడతానే ఉంది. అరిచి అరిచి మా గొంతులు పోయినయ్."

వెనక్కి వచ్చేటప్పుడు నేనూ ఓసారి అరిచి చూశాను. నిజమే. పడవకి వినపడదు.

పద్నాలుగో రోజు, ఆదివారం

పొద్దున్నే అడిగేశాను. దాచుకోవడం నాకు చేతకాదు.

నాంచారమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే, "అది తప్పెట్టా అవుద్ది? అది నిర్ణయం" అంది.

"తేడా ఏంటండీ?"

"తప్పులు సరంగులు చేస్తారు. నిర్ణయాలు డైరెక్టరు చేస్తది."

"మెట్ల మీద అందరూ చెప్పేవారు కదా. మీరెప్పుడైనా లేచి చెప్పారా?"

"నేను వినేదాన్ని. కుర్చీలో కూర్చున్నోళ్లు లేవరమ్మాయ్."

"గంగ అనే పిల్ల ఉందండీ అక్కడ" అని మొత్తం చెప్పాను. పురుడు సంగతి ఆవిడకి తెలీదు. చేతిలో చాట కిందపెట్టింది. అయినా తల దించలేదు.

"ఇదంతా నీ పుస్తకంలో రాశావా?"

"నిన్న సాయంత్రమే రాశానండి."

"చదువు."

చదివాను. తోకముక్క దగ్గర ముఖం ముడుచుకుంది. గొంతులు పోయినయ్ అన్న దగ్గర లేచి లోపలికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం అన్నం పెట్టింది. ఆవకాయ జాడీ మాత్రం నా వైపు జరపలేదు.

పదిహేడో రోజు, బుధవారం

భాష్యం గారు స్వయంగా వచ్చారు. పటం చూసి ఎగిరి గంతేశారు. నలభై రెండో వంపు కథ విని గంతు మధ్యలో ఆపేశారు.

"అమ్మా, చిన్న సవరణ. నలభై ఒక్కటి ఇద్దాం. నలభై రెండు ఎవరడిగారు? ఒక్క గీత చెరిపేస్తే కంపెనీ నీ చేతికొస్తుంది."

"నా దినచర్యలో ఉంటుంది కదండీ" అన్నాను.

"మీ దినచర్య ఎవరు చదువుతారమ్మా!" అన్నారాయన. ఈ మాట ఈ నెలలో రెండోసారి వింటున్నాను.

నాంచారమ్మ పటం చుట్టి చూరులో దోపింది. ఇవాళ నాలుగు పడవలు దిగబడ్డాయి. దావీదు రేవులో తాడు ముళ్లు విప్పుతూ, ఎవరితోనూ కాకుండా, "మేం మాత్రం అన్నీ చెప్పేశామండి, ఆయ్" అన్నాడు. ఆ మాట ఆవిడ విన్నది. నేను చూశాను.

ఇరవై ఒకటో రోజు, ఆదివారం

సెలవు రోజైనా పోటు బాగుందని కోర్టు బల్లకట్టు ఇవాళే వచ్చి కైకలూరు రేవులో ఆగింది. మొన్ననే దినచర్య నేనూ, చుట్టిన పటం నాంచారమ్మా కోర్టుకి పంపించేశాం. జడ్జి గారు యాభై దాటిన ఆవిడ, చెప్పులు విప్పి కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చున్నారు. పక్కనే రిజిస్ట్రార్ గారు.

"పరిశీలకురాలు హిమజ గారూ, మీ దినచర్య మొత్తం చదివాను" అన్నారు.

మొత్తం. రిజిస్ట్రార్ గారు నాకేసి చూడకుండా దగ్గారు.

"బిళ్ల మూడుసార్లు అరిచింది. మూడూ పిల్లి గురించే. అది వదిలేద్దాం." పటం విప్పారు. నేను మెడ చాచి చూశాను. ఉప్పులంక దగ్గర గీత చెరపలేదు. నలభై రెండూ ఉన్నాయి. భాష్యం గారు కళ్లు మూసుకున్నారు.

"నాంచారమ్మ గారూ, ఇందులో మీదెన్నోది?"

నాంచారమ్మ లేచింది. రేవు మీద దావీదు, మిగతా సరంగులు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లకేసి ఓసారి చూసి, "ఆఖరిదండి" అంది.

"వివరంగా చెప్పాలి."

"చెప్తానండి. మీకేసి తిరిగి కాదు. నీళ్లకేసి తిరిగి."

రిజిస్ట్రార్ గారు పద్ధతి గురించి ఏదో అనబోయారు. జడ్జి గారు అప్పటికే కుర్చీ దిగి, చెప్పులు లేకుండానే బల్లకట్టు అంచుకి వచ్చి నిలబడ్డారు.

నాంచారమ్మ నీళ్లకేసి తిరిగింది. "చేపముక్క కోసం అరవై గడపలోళ్లని నీళ్ల మీద వదిలేశాను. వాళ్ల కేక నాకు వినపడకూడదని పడవల చెవులు మూశాను. ఒక ఆడమనిషి నడినీళ్లలో నొప్పులు పడింది. అది నిర్ణయం అనుకున్నా. కాదు. తప్పు. నాది." వంగి దోసెడు నీళ్లు తీసి వదిలింది.

జడ్జి గారు మెల్లిగా, "మీ కట్టుబాటు ప్రకారం ఇక దీని గురించి ఎవరూ ఎత్తకూడదు కదా? నేనేమో రాసుకోవాలమ్మా. చట్టం" అన్నారు.

"రాసుకోండమ్మా. పేరుతో సహా రాసుకోండి. వాళ్లయ్యి రాయొద్దన్నానండి, నాది కాదు."

జడ్జి గారు అక్కడే నిలబడి ఉత్తర్వు చెప్పారు, గుమాస్తా వెనకాలే నడుస్తూ రాసుకున్నాడు. ఏడాదిపాటు అనుమతి. సిబ్బంది తప్పులు పేర్లు లేకుండా పటంగా దాఖలు చెయ్యొచ్చు. డైరెక్టరు తప్పులు మాత్రం డైరెక్టరే సొంత చేత్తో, పేరుతో రాయాలి. ఆ పేజీలో "ఏమీ లేవు" అని ఉంటే అనుమతి ఆ రోజే రద్దు. అమలు ఎలా ఉందో మరో రెండు రోజులు పరిశీలకురాలు చూడాలి.

బిళ్ల తీసేశారు. మెడ మీద దాని మేర తెల్లటి మచ్చ ఉంది.

ఇరవై రెండో రోజు, సోమవారం

పొద్దున్న ఆవిడ చేసిన మొదటి పని, మేకలదిబ్బతో మొదలుపెట్టి రెండేళ్ల బురదంతా పడవలకి అప్పజెప్పడం. గంటన్నర పట్టింది. రెండేళ్లుగా కడుపులో ఉన్నవి. "నీటికాకీ, పాతగట్టు దాటాక కుడికి తిరగవే, ఎంతసేపు చెప్పాలి" అని కసురుతుంటే సరంగులందరూ ఏదో పాట వింటున్నట్టు మెట్ల మీద కూర్చున్నారు. ఇవాళ ఒక్క పడవ కూడా దిగబడలేదు.

మధ్యాహ్నం గూడబాతులో ఉప్పులంకకి బయల్దేరింది. నన్నూ ఎక్కించుకుంది. వంపు దగ్గర పడవ పాత అలవాటు కొద్దీ పక్కకి లాగింది. "తిన్నగా" అంది నాంచారమ్మ. ఒక్క క్షణం తటపటాయించి తిన్నగా పోయింది.

లంక జనమంతా రేవులో ఉన్నారు. గూడబాతు ఒడ్డున ఆగింది. దావీదు ఎక్కడానికి చెక్కపలక వేశాడు. ఒక్కరూ కదల్లేదు. లక్ష్మీకాంతం ముందుకొచ్చింది.

"ఎవరికోసం వచ్చిందొదినా ఈ పడవ?"

"మీ కోసమే."

"కోర్టు రమ్మందా?"

"కోర్టు రమ్మనలా. నడుపుకోమంది. రావడం నేనే వచ్చా."

"ఇయ్యాల నువ్వు ఎక్కొచ్చావు కాబట్టి వచ్చింది. రేపు నువ్వు లేకుండా వస్తదా?"

"ఏడున్నరకి."

"అయితే రేపు చూద్దాం" అని పైట దులుపుకుని పక్కకి తిరిగింది. జనం కూడా అలాగే నిలబడ్డారు. నాంచారమ్మ బతిమాలలేదు, కోప్పడలేదు. ఖాళీ పడవలోనే వెనక్కి వచ్చాం. సాయంత్రం మెట్ల మీద అందరికంటే ముందు ఆవిడే లేచింది. ఏం చెప్పిందో రాయను, అది నీటికి చెప్పిన మాట. రాయాల్సింది ఆవిడ.

ఇరవై మూడో రోజు, మంగళవారం

నేను నిన్న రాత్రే చేతిపడవలో ఉప్పులంక చేరి, గంగ వాళ్లింట్లో పడుకున్నాను.

ఏడింటికే రేవు నిండిపోయింది. ఎవరూ పడవ కోసం వచ్చామనట్లేదు. ఒకాయన గాలికోసం వచ్చానన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు పిల్లల బడి సంచులు భుజానేసుకుని మరీ గాలికోసం వచ్చారు. ఏడూ ఇరవైకి దూరంగా గూడబాతు కనపడింది. వంపు దగ్గరికి వచ్చేసరికి గాలికోసం వచ్చినవాళ్లంతా ఒడ్డు అంచుకి జరిగారు. గంగ బల్లెక్కి గట్టిగా కేకేసింది.

పడవ తిన్నగా వచ్చింది. నాంచారమ్మ దాన్లో లేదు. దావీదు పలక వేసి, "ఎక్కండి ఎక్కండి, తొయ్యకండి" అని అప్పుడే పోట్లాట మొదలుపెట్టాడు. ముప్పై నాలుగు మంది ఎక్కారు. లక్ష్మీకాంతం ఎక్కలేదు.

"మీరు రారా అండీ?" అన్నాను.

"నాకేం పనుందమ్మా అవతల" అంది. పడవ కనుమరుగయ్యేదాకా బల్ల మీద అలాగే కూర్చుంది. తరవాత లేచి, కొంగు దోపుకుని, నాకేసి చూడకుండా అడిగింది:

"మళ్లీ పడవ ఎన్నింటికి?"